డియేగో సువారెజ్, 1942: ఒక బొమ్మల చరిత్ర పని డైరీ

జూన్, మొదటి వారం

పుస్తకానికి ఒక ఆకారం వచ్చింది. అడ్డంగా తెరుచుకునే సైజు, 16 పేజీల ఫారాలు ఆరు. బొమ్మల్లో కొన్ని నిబ్బుతో గీసి ఇంకు వాష్ వేసినవి, కొన్ని నీటిరంగులవి, మిగతావి పటాలు. విషయం ఇదీ: 1942 మే 5 తెల్లవారుజామున బ్రిటిష్ సేనలు మడగాస్కర్ ఉత్తర కొసన దిగి, డియేగో సువారెజ్ నౌకాస్థావరాన్ని మూడు రోజుల్లో పట్టుకున్నాయి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఆపరేషన్ ఐరన్‌క్లాడ్. 1915లో గల్లిపోలిలో దెబ్బతిన్న తర్వాత బ్రిటన్ సముద్రం మీంచి ఇంత పెద్ద ఎత్తున సేనల్ని దింపడం ఇదే మొదటిసారి. నార్మండీ మీద అలమారలకు అలమారలు పుస్తకాలున్నాయి. దీనికి మాత్రం చాలా చోట్ల ఒక పేరాతో సరి. తెలుగులో ఆ పేరా కూడా నాకు దొరకలేదు.

ఎక్కడో మడగాస్కర్ గొడవ మనకెందుకు అని అడిగేవాళ్ళకు మొదటి రెండు పేజీలే జవాబు. అవి విశాఖపట్నం రేవు బొమ్మ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచినవి. అంతకు ముందురోజు కొలంబో మీద దాడి, 9న ట్రింకోమలీ మీద. ఆ వారంలో బంగాళాఖాతంలో సరుకు ఓడలు వరసబెట్టి మునిగాయి. బ్రిటిష్ తూర్పు నౌకాదళం వెనక్కి తగ్గి ఆఫ్రికా తీరానికి, కిలిండినీ రేవుకు చేరింది. హిందూ మహాసముద్రం తూర్పు సగం జపాన్‌కు తలుపు తీసిపెట్టినట్టయింది. పడమటి సగంలో డియేగో సువారెజ్ కూడా వాళ్ళ జలాంతర్గాములకు చిక్కితే, ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ చుట్టూ తిరిగి సూయజ్‌కు, పర్షియా అఖాతానికి, ఇండియాకు వచ్చే ఓడల దారి తెగిపోతుంది. మడగాస్కర్ అప్పట్లో విషీ ఫ్రాన్సు చేతిలో, అంటే జర్మనీకి లొంగి దానితో సర్దుకున్న ఫ్రెంచి ప్రభుత్వం చేతిలో ఉంది. ఇండోచైనాలో జపాన్ సేనల్ని రానిచ్చింది ఆ విషీ అధికారులే.

ఒక సంగతి పుస్తకంలో స్పష్టంగా ఉండి తీరాలి. మన తీరం మీద బాంబులు పడ్డాయి కాబట్టి మడగాస్కర్ మీదికి వెళ్ళారు అనడం తప్పు. దాడి ఓడలు స్కాట్లండ్‌లోని క్లైడ్ నుంచి మార్చి 23నే బయల్దేరాయి. విశాఖ మీద బాంబు పడేటప్పటికి అవి దారిలో ఉన్నాయి. రెండింటి వెనకా ఉన్నది ఒకే భయం. కారణానికీ పోలికకూ ఉన్న ఈ తేడా బొమ్మలో ఎలా చెప్పాలో చాలా ఆలోచించాను. చివరికి ఒకే పటం మీద రెండు గీతలు వేశాను. ఒకటి క్లైడ్ నుంచి డర్బన్ దిశగా దిగి వచ్చే ఎర్ర గీత, రెండోది బంగాళాఖాతంలోకి దూరే నల్ల గీత. ఎర్ర గీత పక్కన అక్కడక్కడా తేదీలు వేశాను. తేదీలు చదివినవాళ్ళకు విషయం తెలిసిపోతుంది.

జూన్, రెండో వారం: పటం

ఈ పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమైన బొమ్మ పటమే. ఈ చోటు ఆకారం తెలియకపోతే దాడి అర్థం కాదు.

డియేగో సువారెజ్ అఖాతం ప్రపంచంలోని పెద్ద సహజ రేవుల్లో ఒకటి. నోరు తూర్పున, హిందూ మహాసముద్రం వైపు ఉంటుంది. ఒరాంజియా దగ్గర ఆ నోరు చాలా ఇరుకు, రెండు ఒడ్లా రాళ్ళ గట్లు, పైన తీరఫిరంగులు. ఓడలు ముందు వాకిట్లోంచి వెళ్తే బతికి బయటపడవు. లోపల, దక్షిణపు ఒడ్డు నుంచి ఉత్తరంగా పొడుచుకొచ్చిన నేల మీద ఆంత్సిరాన్ పట్టణం, నౌకాస్థావరం, పెద్ద డ్రై డాక్ ఉన్నాయి. ఆ పట్టణం ఇప్పటి పేరు అంత్సిరనాన.

ఇక పెరటి వైపు. పడమటి తీరాన కూరియే, అంబరారటా అనే రెండు అఖాతాలున్నాయి. అక్కడి నీళ్ళ నిండా పగడపు దిబ్బలు. రాత్రిపూట పెద్ద ఓడలు అటు రాలేవని ఫ్రెంచివాళ్ళ నమ్మకం. బ్రిటిష్‌వాళ్ళు అటునుంచే వచ్చారు. అక్కడ దిగి, ముప్పై కిలోమీటర్ల దాకా నడిచి, ఆంత్సిరాన్‌ను వెనకనుంచి పట్టుకోవాలన్నది పథకం.

రెండు పేజీల పటంలో చిక్కేమిటంటే, తీరం నుంచి తీరం దాకా సరిపెట్టి గీస్తే ఆంత్సిరాన్ సరిగ్గా పుస్తకం కుట్టు మీద పడుతుంది. బైండింగ్‌లో ఊరంతా లోపలికి పోతుంది. మడత పేజీ పెడదామంటే ఖర్చు భరించలేం. అందుకని ఎడమ పేజీలో పడమటి సముద్రాన్ని బాగా పెంచాను. ఇప్పుడు కుట్టు మీద పడేది సైనికులు నడిచిన ఖాళీ మైదానం. పెరిగిన సముద్రంలో దాడి ఓడల వరస వచ్చి కూర్చుంది. దిబ్బల మధ్య దారి తీస్తూ ముందు లాఫొరే అనే డిస్ట్రాయర్, దానితో మైన్లు ఏరే ఓడలు, దారి పొడవునా వాళ్ళు వదిలిన దీపాల బోయాలు, వెనక సైనికుల ఓడలు.

పటం మీద పేర్లన్నీ చేత్తోనే రాస్తున్నాను. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, తీరరేఖ పక్కన పెడితే రెండూ గీతకు తగులుతాయి. అందుకే పేర్లన్నీ నీళ్ళలో రాసి, నేల మీదికి సన్నటి గీత లాగాను. నేల ఖాళీగా మిగలడం నాకు నచ్చింది. అక్కడ గీయాల్సినవి చాలా ఉన్నాయి. ఉత్తర, దక్షిణ దిక్కుల్లో ఉన్న కొండల సంగతి సరే, వాటి మధ్య ఊళ్ళూ చేలూ కూడా ఉండాలి కదా.

జూన్ చివర: చంద్రుడు

రాసేటప్పుడు “రాత్రి చీకట్లో దిగారు” అని ఒక్క వాక్యంతో దాటిపోవచ్చు. గీసేటప్పుడు కుదరదు. చీకటి ఎంత చీకటి? వెలుతురు ఎటునుంచి? నీడ ఎటు పడాలి?

పంచాంగం లెక్క వేశాను. 1942 అంటే చిత్రభాను నామ సంవత్సరం. వైశాఖ పౌర్ణమి ఏప్రిల్ 30న పడింది. దాడి రాత్రి మే 4 దాటి 5లోకి, అంటే బహుళ చవితి ప్రాంతం. ఆ అక్షాంశంలో చంద్రుడు రాత్రి పదింటి లోపే పొడుస్తాడు, తెల్లవారుజామున మూడింటికి దాదాపు నడినెత్తి మీద ఉంటాడు. మొదటి పడవలు ఒడ్డు తాకింది నాలుగున్నరకు. అప్పటికి చంద్రుడు కాస్త పడమటికి వాలి, దిగుతున్నవాళ్ళ వీపుల మీద వెలుగు పోస్తూ ఉండాలి. నా మొదటి చిత్తు బొమ్మ మొత్తం నల్లటి నలుపు. ఇప్పుడది నీలం కలిసిన బూడిదరంగు, హెల్మెట్ల మీద తెల్లటి అంచులు, ప్రతి మనిషి కాళ్ళ దగ్గరా పొట్టి నీడ.

తెల్లవారాక ఇంకో సంగతి. వాళ్ళు తూర్పుకి నడుస్తున్నారు. ఉదయమంతా ఎదురెండే. అంబరారటాలో దిగిన 29వ బ్రిగేడ్ మనుషులకు, వాళ్ళ నాయకుడు ఫెస్టింగ్‌కు, కళ్ళలో ఎండ కొడుతూ ఉండగానే దారి కనిపించాలి. ఆ పేజీలో అందరి ముఖాలూ కొద్దిగా చిట్లించినట్టు గీశాను.

కూరియే దగ్గర దిగిన 5వ కమాండో దళానికి ఫ్రెంచి ఫిరంగిదళం నిద్రలోనే దొరికింది. ఆ ఘట్టానికి ఒక అరపేజీ బొమ్మ చాలు. దాని వెనక విండ్సర్ కాజిల్ అనే రాతి కొండ కనిపించాలి. దూరం నుంచి కోటలా ఉంటుందని ఓడవాళ్ళు పెట్టిన పేరది.

జులై, మొదటి పక్షం: ఓడలు, విమానాలు

పని వేగంగా సాగింది. ఒక్కొక్క వస్తువుకీ ఒక్కో గుర్తు పట్టుకోవడంతో సరిపోతోంది.

స్వోర్డ్‌ఫిష్ విమానం ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలది, మధ్యలో కర్రలూ తీగలూ, గుడ్డ తొడుగు, తెరిచి ఉన్న గూట్లో ముగ్గురు. ఆల్బకోర్ కూడా రెండు వరసల రెక్కలదే గానీ మనుషులు అద్దాల గది లోపల ఉంటారు. స్వోర్డ్‌ఫిష్‌లు ఇలస్ట్రియస్ అనే విమానవాహక నౌక నుంచి లేచి రేవులో ఉన్న ఓడల మీద పడ్డాయి. బూగెన్‌విల్ అనే సాయుధ వాణిజ్య నౌకను, బెవెజియే జలాంతర్గామిని ముంచాయి. ఆల్బకోర్‌లు ఇండోమిటబుల్ అనే ఇంకో విమానవాహక నౌక నుంచి లేచి అరషార్ విమానాశ్రయం మీదికి వెళ్ళాయి. ఒకే పేజీలో రెండిటినీ పెట్టాను, తేడా పక్కపక్కనే తెలియాలని. పట్టణానికి దక్షిణాన బొమ్మ పారాచూటిస్టుల్ని వదిలి కాపలాదళాల్ని అటు లాగాలని చూశారు. పిల్లలకు ఈ బొమ్మ నచ్చుతుందని నా నమ్మకం.

బెవెజియే ఎంత పెద్దదో పట్టుబడలేదు. కాగితం మీద 92 మీటర్లు అంటే కంటికి ఆనదు. మన ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామి దాదాపు అంతే పొడవు, 91 మీటర్ల పైచిలుకు. దాని పక్కన ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, మనిషి ఎత్తుతో పోల్చి కొలతలు వేసుకున్నాను. ఆకారాలు వేరు, కాలాలు వేరు, కానీ రేవులో ఒరిగిపోతున్న ఆ ఇనుప శరీరం పక్కన ఈదుతున్న మనిషి ఎంత చిన్నగా ఉండాలో ఇప్పుడు చేతికి తెలుసు. డియేగో సువారెజ్‌లో ఫ్రాన్సు ఆ తరగతి జలాంతర్గాములు మూడు పోగొట్టుకుంది. బెవెజియే మే 5న, ఎరో 7న, మోంజ్ 8న. లోపలివాళ్ళ సంగతి తలుచుకుంటూ గీసిన పేజీ అది. అందులో శత్రువు, మిత్రుడు అన్న రంగుల తేడా పెట్టలేదు.

సైనికుల ఓడల్లో రెండిటికి చెరో పేజీ ఇచ్చాను. కెరెన్, కరంజా. రెండూ 1930 ప్రాంతంలో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కోసం కట్టినవి. బొంబాయి నుంచి తూర్పు ఆఫ్రికా రేవులకు మన జనాన్ని మోసిన ప్రయాణికుల ఓడలు. కెరెన్ అసలు పేరు కెన్యా. యుద్ధంలో పక్కల వేలాడే పడవలు తీసేసి ల్యాండింగ్ క్రాఫ్ట్‌లు వేలాడదీశారు. మడగాస్కర్‌లో భారతీయ మూలాల వ్యాపారులు అప్పటికే స్థిరపడి ఉన్నారు, ఎక్కువమంది గుజరాత్ వైపువాళ్ళు. అక్కడివాళ్ళు వాళ్ళను కరానా అంటారు. అంటే ఒకప్పుడు బట్టల మూటలతో మనుషులు దిగిన ఓడ మెట్ల మీంచే ఇప్పుడు తుపాకులతో దిగుతున్నారు. కరంజా ఆ నవంబర్‌లోనే అల్జీరియా తీరంలో మునిగింది.

బచాకెరో సంగతి కూడా చెప్పాలి. వెనిజులాలోని మరకైబో సరస్సు లోతు తక్కువ. అందులో తిరగడానికి కట్టిన చమురు ఓడ అది. అడుగు లోతుకు దిగదు కాబట్టి, ముక్కు కోసి తలుపు పెట్టి, ట్యాంకులు దింపే ఓడగా మార్చారు. ఆ కోవలో మొట్టమొదటివాటిలో ఇదొకటి. అడ్డకోత బొమ్మ వేశాను. ఈ పుస్తకంలో నేను బాగా ఇష్టపడి గీసింది ఇదే.

జులై, మూడో వారం: జోఫ్రె గీత

దాడి ఎక్కడ ఆగిపోయిందో చూపించే పేజీలు. మొదటిరోజు నడక బాగానే సాగింది. మధ్యాహ్నానికి ఆంత్సిరాన్ మెడ దగ్గరికి వచ్చేసరికి కందకాలు, ఫిరంగులు, ట్యాంకుల్ని ఆపే గుంట ఎదురయ్యాయి. ఈ రక్షణలకు రూపం ఇచ్చింది జోసెఫ్ జోఫ్రె. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సేనాధిపతి అయ్యింది ఆయనే. 1900 తర్వాత కొన్నేళ్ళు డియేగో సువారెజ్‌లో కోటల పని చూశాడు. నలభై ఏళ్ళ నాటి ఆ ఏర్పాటు ఇంకా పనిచేస్తుందని బ్రిటిష్ లెక్కల్లో సరిగ్గా పడలేదు.

వాళ్ళ దగ్గర పన్నెండు ట్యాంకులు, ఆరు వాలెంటైన్లు, ఆరు టెట్రార్క్‌లు. టెట్రార్క్‌కు పక్కకు నాలుగేసి పెద్ద చక్రాలు. చక్రాలే కొద్దిగా తిరిగి పట్టాను వంచడంతో బండి మలుపు తీసుకుంటుంది. ఆ వంపు కనిపించేలా పైనుంచి చూపు పెట్టాను. ఆ ట్యాంకుల్లో ఎక్కువభాగం ఈ గీత దగ్గరే పోయాయి. కాల్చినవాళ్ళలో సెనెగల్ సైనికులు, మలగాసీ సైనికులు ఉన్నారు. వాళ్ళు ఫ్రాన్సు జెండా కింద, తమది కాని గొడవలో, తమలో కొందరికి సొంత నేల మీదే పోరాడుతున్నారు. ఈ పేజీల్లో చూపు కందకం లోపలి నుంచి పెట్టాను. అటునుంచి చూస్తే దాడికి వస్తున్నవాళ్ళు దుమ్ములో నల్లటి చుక్కలు.

ఆరో తేదీ తెల్లవారుజామున ఇంకో దాడి, అదీ విఫలం. సౌత్ లాంకషైర్ దళం ఒకటి పక్కనుంచి చుట్టి వెనక్కి చేరింది, ఖైదీల్ని కూడా పట్టుకుంది. కానీ వైర్‌లెస్ పనిచేయక ఆ మాట ఎవరికీ చేరలేదు. ఈ ఒక్క ఘట్టం నాలుగు చిన్న గళ్ళలో, మాటల్లేకుండా పెట్టాను.

ఎర్రమట్టి రంగు కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర కూర్చుని కలుపుకున్నాను. అక్కడిదీ ఇక్కడిదీ రెండూ ఎర్రటి నేలే. ఎండలో కాగితం పక్కన పెట్టి చూస్తే బర్న్‌ట్ సియెన్నాలో కొద్దిగా ఎరుపు, చిటికెడు ఊదా పడాలని తేలింది.

ఆగస్టు: ఆంథొనీ

పుస్తకానికి నడిబొడ్డు ఈ ఎనిమిది పేజీలు.

మే 6 మధ్యాహ్నం. దళాల సేనాని స్టర్జెస్ వెళ్ళి నౌకాదళాధిపతి సిఫ్రెట్‌ను ఓడ మీద కలిశాడు. ఒక డిస్ట్రాయర్‌లో మెరైన్లను, అంటే నౌకాదళపు సైనికుల్ని ఎక్కించి, రాత్రిపూట ముందు వాకిట్లోంచే, ఒరాంజియా ఫిరంగుల ముందు నుంచే, ఆంత్సిరాన్ జెట్టీకి పంపాలని అడిగాడు. రామిల్లీస్ అనే యుద్ధనౌక నుంచి యాభైమంది మెరైన్లు, వాళ్ళ నాయకుడు కెప్టెన్ మార్టిన్ ప్రైస్. ఓడ ఆంథొనీ, దాని నాయకుడు హాడ్జెస్. ఎక్కువమంది తిరిగిరారనే పంపినవాళ్ళ అంచనా.

ఓడ పడమటి నుంచి బయల్దేరి, ఉత్తరాన అంబర్ అగ్రం చుట్టి తూర్పుకు రావాలి. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా అక్కడ ఆగ్నేయం నుంచి గట్టి గాలి వీస్తుంది, స్థానికులు దాన్ని వరత్రాజా అంటారు. ఆ గాలికి అగ్రం దగ్గర సముద్రం లేచిపోయింది. మెరైన్లు వాంతులతో నీరసించిపోయారు. చీకటిపడ్డాక నోట్లోకి దూరారు, ఫిరంగులు ఆలస్యంగా మేలుకున్నాయి, ఓడ తప్పించుకుని లోపలికి వచ్చేసింది. జెట్టీ దగ్గర మొదటిసారి గాలి పక్కకు తోసేసింది. హాడ్జెస్ ఓడను వెనక్కి నడిపి, అమరాన్ని, అంటే ఓడ వెనక కొసను, జెట్టీకి ఆనించి పట్టుకున్నాడు. మెరైన్లు వెనక నుంచి దూకారు.

ఈ కదలిక నాకు అర్థం కాకుండా గీయడం సాధ్యం కాలేదు. మా వీధిలో ఉండే బాబాయి విశాఖ పోర్టులో టగ్గు మీద సరంగుగా చేసి రిటైరయ్యారు. చిత్తు బొమ్మలు పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను.

“బాబాయ్, పక్కవాటుగా ఎందుకు పెట్టలేదు? ఓడలన్నీ అలాగే కదా ఆగుతాయి?”

“గాలి ఎటేపు?” అన్నారు.

“జెట్టీ మీంచి నీళ్ళవైపు.”

“మరదే. ఓడని పక్కవాటుగా ఆన్చాలంటే మోకు ఇసరాల. జెట్టీ మీదున్నోడు దాన్ని పట్టుకుని బొల్లార్డుకి కట్టాల. ఇక్కడ కట్టేవోడేడమ్మా? ఒడ్డు మీదున్నోళ్ళు శత్రువులు కదేటి. మోకు లేకుండా పక్కవాటుగా నిలబడితే గాలి నెట్టుకుపోద్ది. అమరం ఎట్టేస్తే రెండు పంకాలూ వెనక్కి తిరుగుతా ఓడని జెట్టీకి నొక్కి పడతాయి. ఎంతసేపు? మనిషి దూకినంతసేపు. అది చేసినోడు ఎవుడో గానీ నీళ్ళు తెలిసినోడు.”

ఈ ఒక్క మాటతో మూడు పేజీలు మారిపోయాయి. ఇప్పుడు ఖాళీ జెట్టీ ఒక పేజీ నిండా ఉంది. మోకు అందుకునే మనిషి లేని జెట్టీ, బొల్లార్డు మీద చంద్రుడు లేని చీకటి. ఆరో తేదీ రాత్రి ఎనిమిది దాటిన వేళకు చంద్రుడు ఇంకా పొడవలేదు, ఆ లెక్క కూడా ఇక్కడ పనికొచ్చింది. తర్వాతి పేజీలో పంకాలు కింద నీళ్ళను మరిగిస్తున్నట్టు తెల్లటి నురుగు. గాలి ఎటునుంచో చెప్పడానికి పొగగొట్టం పొగ చాలు. బాబాయి చూసి, “పొగ ఇంకొంచెం పడుకోబెట్టు, అంత గాలికి నిలబడదు” అన్నారు. పడుకోబెట్టాను.

ఆ యాభైమందీ చీకట్లో రెట్టింపు చప్పుడు చేస్తూ నౌకాదళ డిపోను పట్టుకున్నారు, బందీలుగా ఉన్న బ్రిటిష్‌వాళ్ళను విడిపించారు. వాళ్ళలో మారిషస్ వ్యాపారి పెర్సీ మేయర్ ఉన్నాడు. దాడికి ముందు టెలిఫోన్ తీగలు కత్తిరించిన గూఢచారి అతను. పట్టణంలో కలవరం లేవగానే దక్షిణం నుంచి 17వ బ్రిగేడ్ గీతను దాటింది. ఏడో తేదీ తెల్లవారకముందే ఆంత్సిరాన్ లొంగిపోయింది. పొద్దున రామిల్లీస్ కొద్దిసేపు గుండ్లు పేల్చాక ఒరాంజియా ఫిరంగులూ ఆగాయి. ఆ సాయంత్రానికి ఓడలు ముందు వాకిట్లోంచే లోపలికి వచ్చాయి. బ్రిటిష్‌వైపు చనిపోయినవాళ్ళు నూరుమంది పైన, ఫ్రెంచివైపు అంతకంటే ఎక్కువ.

రాత్రి పేజీల ప్రూఫ్ తీస్తే ప్రెస్సులో ఒక సమస్య. మ్యాప్‌లితో కాగితం ఇంకు తాగేస్తుంది. నీలం, నలుపు, ఊదా ఒకదానిమీద ఒకటి పడి మొత్తం బురదైంది. ఆర్ట్ పేపర్ వేస్తే మెరుపు ఎక్కువ, ధర ఎక్కువ. ప్రెస్సాయన సలహా మీద రాత్రి బొమ్మలన్నీ రెండు రంగులకు తగ్గిస్తున్నాను, నలుపు ఒకటి, ముదురు నీలం ఒకటి. హైలైట్లు కాగితం తెలుపే. మళ్ళీ గీయాల్సిన పేజీలు కొన్ని ఉన్నాయి. ఫలితం చూస్తే ఆ శ్రమకు తగ్గట్టే ఉంది, చీకటి ఇప్పుడు లోతుగా ఉంది.

ఆగస్టు చివర: చిన్న జలాంతర్గామి

మే 29 రాత్రి రేవు మీద ఒక గుర్తు తెలియని విమానం తిరిగింది. జపాన్ జలాంతర్గామి ఐ-10 నుంచి లేచినదది. మరునాడు, పౌర్ణమి వెన్నెల్లో, ఇద్దరేసి మనుషులు పట్టే చిన్న జలాంతర్గాముల దాడి జరిగింది. రామిల్లీస్‌కు పెద్ద కన్నం పడింది. బ్రిటిష్ లాయల్టీ అనే చమురు ఓడ మునిగింది. తర్వాత దాన్ని లేపి మాల్దీవుల్లోని అడ్డూ దీవులకు తీసుకెళ్తే, 1944లో జర్మన్ జలాంతర్గామి ఒకటి అక్కడ మళ్ళీ కొట్టింది. యుద్ధం అయ్యాక 1946లో అక్కడే ముంచేశారు.

ఆ చిన్న జలాంతర్గాముల్లో ఒకటి ఒడ్డెక్కేసింది. అందులోని ఇద్దరు, అకియెదా, తకెమోతో, తమవాళ్ళు ఎక్కించుకునే చోటికి కాలినడకన బయల్దేరారు. దారిలో ఒక ఊళ్ళో తిండి కొనుక్కున్నారు. ఆ కబురు బ్రిటిష్‌వాళ్ళకు చేరింది. జూన్ 2న జరిగిన కాల్పుల్లో ఇద్దరూ చనిపోయారు.

ఈ కథ ఎక్కడ చదివినా చూపు ఆ ఇద్దరి మీదే ఉంటుంది. నేను ఊరు గీశాను. చిన్న తాటాకు ఇళ్ళు, మూపురమున్న పశువులు, లంబా అనే మలగాసీ వస్త్రం కప్పుకున్న ఒక ఆడమనిషి అన్నం గిన్నె అందిస్తోంది, కొంటున్నవాళ్ళు మనకు వీపు చూపిస్తున్నారు. ఆమె ముఖం నేను ఊహించలేదు. తల కొద్దిగా వంచి, నీడలో వదిలాను. పేరు లేని మనిషికి ముఖం కల్పించి ఇవ్వడం నాకు సబబుగా తోచదు. ఆమెను అసలు గీయకుండా ఊరుకోవడం అంతకంటే పెద్ద అన్యాయం.

సెప్టెంబర్: మిగతా దీవి, తర్వాతి సంవత్సరాలు

డియేగో సువారెజ్ పడిపోయినా, అన్నే అనే విషీ గవర్నర్ జనరల్ లొంగలేదు. బ్రిటిష్ సేనలు సెప్టెంబర్ 10న మజుంగా దగ్గర మళ్ళీ దిగాయి, 18న తమటావ్‌ను, 23న రాజధాని తననరివ్‌ను పట్టుకున్నాయి. తూర్పు ఆఫ్రికా, దక్షిణాఫ్రికా దళాలూ ఇందులో ఉన్నాయి. నవంబర్ 6న, దాడికి ఆరు నెలలు నిండాక, యుద్ధం ఆగింది. ఇదంతా రెండు పేజీల దారి పటంలో ముగించాను, ఇంతకంటే విడమర్చి గీస్తే డియేగో సువారెజ్ పలచబడుతుంది.

విషీని కాదని బ్రిటన్ పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి నాయకుడు డి గాల్‌కు మొదట్లో ఒక్క మాటయినా చెప్పలేదు. దాడి సంగతి ఆయనకు పత్రికా సంస్థ ఫోన్ ద్వారా తెలిసింది. చివరకు మాత్రం దీవిని ఆయన మనుషులకే అప్పగించారు. జెండా మారింది, పాలన ఫ్రెంచిదే. యుద్ధానికని మలగాసీల నుంచి బియ్యం బలవంతంగా సేకరించారు, బలవంతపు చాకిరీ చేయించారు. 1947 మార్చి 29 రాత్రి తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడంలో వేలమంది చచ్చిపోయారు.

ఈ పేజీ ఉండాలా అని సంపాదకుడు అడిగారు. పుస్తకం పేరు 1942 కదా, 1947 ఎందుకు అని ఆయన సందేహం. ఆయనతో చాలాసేపు మాట్లాడాను. దాడి కథను ఓడలతో మొదలుపెట్టి ఓడలతో ముగిస్తే, ఆ నేల మీద ఉన్నవాళ్ళు దృశ్యానికి వెనక తెరలా మిగిలిపోతారు. నేను మొదటి పటం గీసిన రోజు నుంచి నేలను ఖాళీగా ఉంచుకున్నది వాళ్ళ కోసమే. ఆయన ఒప్పుకున్నారు. ఆ పేజీకి అఖాతం మధ్యలోని చిన్న శంకువు లాంటి దీవిని, నోసీ లోంజోను ఎంచుకున్నాను. అక్కడివాళ్ళకు అది పవిత్రమైన చోటు. బొమ్మలో యుద్ధనౌకలు ఉండవు. ఒడ్డున బియ్యం బస్తాలు మోస్తున్న మనుషుల వరస ఉంటుంది. ఆ ప్రాంతానికే సొంతమైన సువారెజ్ బావోబాబ్ చెట్టు ఒక పక్కన ఉంటుంది.

ఐదో ఫారం ఇంకింగ్ సగం అయింది. బియ్యం బస్తాల వరసలో మనుషుల నడకలు ఇంకా కుదరలేదు. బరువు మోస్తున్న నడుము వంపు కోసం రేపు పూర్ణా మార్కెట్‌కు స్కెచ్ పుస్తకం పట్టుకుని వెళ్తున్నాను. స్కాన్‌కు వెళ్ళేముందు ఆంథొనీ పేజీలు బాబాయి ఇంకోసారి చూస్తానన్నారు.